పోస్టు: ఒక మాట, మూడు పుట్టుకలు



ఒక చిన్న సంభాషణతో ఈనాటి ప్రసంగం మొదలుపెడతాను. సాయంత్రం పూట అరుగు మీద కూర్చున్న తాత, వీధిలోంచి వస్తున్న మనవణ్ణి చూసి "ఏరా, పోస్టు వచ్చిందా?" అని అడిగాడు. మనవడు ముఖం ముడుచుకొని "ఎక్కడ తాతా, ఈసారీ రాలేదు. మార్కులు చాల్లేదు" అన్నాడు. తాత తెల్లబోయాడు. "ఉత్తరం రావడానికి మార్కులెందుకురా?" అన్నాడు. తాత అడిగింది టపా సంగతి. మనవడు చెప్పింది ఉద్యోగం సంగతి. ఇద్దరి నోటా వచ్చిన మాట ఒక్కటే, పోస్టు.

ఈ మాట ఇంగ్లీషు మాటేనని మనకు తెలుసు. అయినా దాన్ని పరాయి మాటగా ఎవరూ అనుకోరు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగుతాం. పోస్టుమ్యాన్ కోసం ఎదురు చూస్తాం. గోడ మీద సినిమా పోస్టరు చూస్తాం. పొలానికి కంపోస్టు తోలుకుంటాం. ఫోనుకు పోస్ట్‌పెయిడ్ బిల్లు కడతాం. ఎవరైనా ప్రమాదంలో పోతే పోస్ట్‌మార్టం అంటాం. ఇన్ని చోట్ల ఒకే మాట ఎలా వచ్చి కూర్చుంది? ఒకే విత్తనం నుంచి మొలిచిన కొమ్మలా ఇవి, లేక వేరు వేరు చెట్లా? ఆ సంగతే ఈరోజు చెప్పుకుందాం.

నిజానికి ఇవి మూడు చెట్లు. మూడింటి వేళ్లూ పాత రోమను భాష అయిన లాటిన్‌లోనే ఉన్నాయి. కాని మూడూ వేరు వేరు మాటలు. కాలక్రమంలో అరిగిపోయి ఇంగ్లీషులోకి చేరేసరికి మూడూ ఒకే రూపం దాల్చాయి. ముగ్గురు వేరు వేరు ఇళ్ల పిల్లలు ఒకే పేరుతో ఒకే తరగతిలో చేరినట్లన్నమాట. టీచరు ఆ పేరు పిలిస్తే ముగ్గురూ లేచి నిలబడతారు.

మొదటి పోస్టు, కంబం. లాటిన్‌లో పోస్టిస్ అంటే వాకిలికి అటూ ఇటూ నిలబెట్టే ద్వారబంధపు కొయ్య. దాని నుంచి నేలలో పాతిన ఏ గుంజకైనా ఇంగ్లీషులో పోస్టు అనే పేరు వచ్చింది. ఫుట్‌బాల్ ఆటలో గోల్‌పోస్టు, వీధిలో లాంప్‌పోస్టు ఈ వంశానివే. మన సీమలో కరెంటు కంబం అంటాం, కన్నడంలో కంబ అంటారు. కోలారు బంగారు గనులకు శివనసముద్రం జలపాతం దగ్గర నుంచి విద్యుత్తు వచ్చింది 1902లో. బెంగళూరు వీధి దీపాలకు అదే విద్యుత్తు అందింది 1905లో. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో కంబాలకు కొదవ లేదు.

ఈ కంబానికి ఒక పిల్ల ఉంది, అదే పోస్టరు. పూర్వం ఇంగ్లండులో ప్రకటనలను నలుగురూ నడిచే చోట, కొయ్య గుంజలకు అంటించేవారు. గుంజకు అంటించే కాగితం కాబట్టి పోస్టరు. తరువాత గుంజలు పోయి గోడలు వచ్చినా పేరు మారలేదు. మన పిల్లలు ఫోనులో "ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టాను" అంటారు. ఉత్తరం వేసినట్లు అనిపిస్తుంది గాని, ఆ వాడుక వెనుక ఉన్నది నలుగురికీ కనబడేలా ప్రకటన అంటించడమనే భావం. చేతిలో ఫోను ఉన్నా, మాట మాత్రం ఇంకా ఆ పాత కొయ్య గుంజ దగ్గరే ఉంది.

ఇక రెండవ పోస్టు. దీని కథ కొంచెం పొడుగు. లాటిన్‌లో పొజిటుస్ అనే మాటకు ఉంచబడినది, ఒక చోట పెట్టబడినది అని అర్థం. దీని నుంచి ఇటలీ భాషలో రెండు మాటలు పుట్టాయి. పోస్తో అంటే మనిషిని నిలిపి ఉంచిన చోటు. పోస్తా అంటే గుర్రాలను నిలిపి ఉంచిన చోటు. రెండూ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి పోస్టు అయ్యాయి.

మనిషిని నిలిపిన చోటు సంగతి ముందు చూద్దాం. సైన్యంలో ఒక సిపాయిని "నీవు ఇక్కడ కాపలా ఉండు" అని నిలిపితే అది అతని పోస్టు. ఊరికి దూరంగా ఉంటే అవుట్‌పోస్టు. ఆ చోటు నుంచి అర్థం మెల్లగా ఆ పనికి మారింది. చేసే పనికి, ఉద్యోగానికి కూడా పోస్టు అనే పేరు స్థిరపడింది. అందుకే "ఆయనకు పోస్టింగ్ ఎక్కడ?" అని అడుగుతాం. ఆయనను ఎక్కడ నిలిపారు అని దాని అసలు అర్థం. ఉద్యోగం వచ్చిన సంతోషంలో దూరపు ఊరికి వెళ్లాల్సిన దిగులు కూడా ఆ మాటలోనే దాగి ఉంది.

సరిహద్దులో ఉన్న మనకు బాగా తెలిసిన చెక్‌పోస్టు కూడా ఇదే. దీనిలో చెక్ అనే మాట ఇంకా దూరం నుంచి వచ్చింది. పారశీక భాషలో షా అంటే రాజు. చదరంగంలో రాజుకు ఆపద వచ్చినప్పుడు "షా" అని హెచ్చరించేవారు. ఆ హెచ్చరికే అరబ్బుల మీదుగా, ఫ్రెంచి వారి మీదుగా నడిచి ఇంగ్లీషులో చెక్ అయింది. ముందు రాజును అడ్డుకోవడం, తరువాత దేన్నయినా అడ్డుకోవడం, ఆ తరువాత నిలిపి పరీక్షించడం. అంటే చెక్‌పోస్టు అన్న మాటలో సగం పారశీకం, సగం లాటిన్. ఆ రెండూ కలిసి వచ్చి తెలుగు, కన్నడం కలిసే చోట నిలబడ్డాయి.

లారీ డ్రైవర్లు చెక్‌పోస్టు అంటే ఒకప్పుడు భయపడేవారు. వరుసలో గంటల తరబడి నిలబడాలి, కాగితాలు చూపించాలి. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చిన తరువాత మన రాష్ట్రాల్లోని అమ్మకపు పన్ను చెక్‌పోస్టులను ఎత్తివేశారు. కాని బెంగళూరు, హైదరాబాదు రహదారి మీద వెళ్లే బస్సులో కండక్టరు నేటికీ "కొడికొండ చెక్‌పోస్టు ఎవరండీ?" అనే అరుస్తాడు. పన్ను పోయింది, పేరు మిగిలింది. మాటలు తమను పుట్టించిన వ్యవస్థల కంటే ఎక్కువ కాలం బతుకుతాయి అనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మనకు అక్కర్లేదు.

ఇప్పుడు గుర్రాలను నిలిపిన చోటు సంగతి. పూర్వం రాజుగారి కబురు దూరదేశం పోవాలంటే ఒకే గుర్రం అంత దూరం పరుగెత్తలేదు. అందుకని దారి పొడుగునా కొన్ని మైళ్లకు ఒక చోట కొత్త గుర్రాలను, రౌతులను సిద్ధంగా ఉంచేవారు. అలసిన రౌతు సంచి అందిస్తే తాజాగా ఉన్న రౌతు అందుకొని పరుగు తీసేవాడు. ఆ మజిలీ పేరు పోస్టు. తరువాత ఆ రౌతు పోస్టు అయ్యాడు. ఆ తరువాత అతని సంచి పోస్టు అయింది. సంచిలోని ఉత్తరం పోస్టు అయింది. చివరికి ఉత్తరాలు మోసే శాఖ అంతా పోస్టు అయింది. ఒక్క మాట ఎన్ని మెట్లు ఎక్కిందో చూశారా!

ఇక్కడ మన రెండు భాషల వారికి ఒక ముచ్చటైన విషయం ఉంది. కన్నడంలో పోస్టును ఏమంటారు? అంచె అంటారు. బెంగళూరులో పోస్టాఫీసు బోర్డు మీద అంచె కచేరి అని ఉంటుంది. మరి తెలుగులో అంచె అంటే? మజిలీ, మధ్యలో ఆగే చోటు. "అంచెలంచెలుగా ఎదిగాడు" అని మనం రోజూ అంటుంటాం. అంటే కన్నడిగులు ఉత్తరాలకు పెట్టుకున్న పేరూ, యూరపు వారు పెట్టుకున్న పేరూ ఒకే భావాన్ని చెబుతున్నాయి. హిందీలోని డాక్ అనే మాటకు కూడా మార్చిమార్చి సాగే ప్రయాణం అనే అర్థం ఉంది. ఊరూరా కనిపించే పాత డాక్ బంగళాలు ఆ మజిలీల గుర్తులే. ఒకరినొకరు ఎరుగని మనుషులు, ఒకే అవసరం వచ్చినప్పుడు ఒకే రకంగా ఆలోచించి ఒకే రకంగా పేరు పెట్టారు.

మైసూరు సంస్థానంలో ఈ అంచె వ్యవస్థను పదిహేడవ శతాబ్దంలో చిక్కదేవరాజ ఒడెయరు కాలంలో ఏర్పాటు చేశారు. ఉత్తరాలు మోయడంతో పాటు ఊళ్ల సమాచారాన్ని రాజుకు చేరవేయడం కూడా అంచెవారి పనే. రెండు వందల ఏళ్లకు పైగా నడిచిన ఆ మైసూరు అంచె 1889లో బ్రిటిషు ఇండియా తపాలా శాఖలో కలిసిపోయింది. నిజాం సంస్థానపు తపాలా మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1950లో గాని దేశపు శాఖలో కలవలేదు. మనం వాడే టపా, తపాలా అనే మాటలు చూడండి, మరాఠీలో కూడా టపాల్ అనే అంటారు. అంటే ఒక్క ఉత్తరం కోసం మన చుట్టూ అంచె, టపా, డాక్, పోస్టు అని నాలుగు మాటలు నిలబడి ఉన్నాయి.

ఇంకొక్క మాట. తెలుగులో అంచ అంటే హంస. కన్నడంలోనూ అంచె అనే మాటకు హంస అనే అర్థం ఉంది. నలదమయంతుల కథలో ఒకరి కబురు ఒకరికి మోసింది హంసే కదా! ఒక మాటకు రెండు అర్థాలుండటం ఇంగ్లీషుకు మాత్రమే ఉన్న చిక్కు కాదు, మన ఇంట్లోనూ ఉంది. కాకపోతే మన ఇంటి చిక్కు మనకు అలవాటైపోయింది.

ఉత్తరం మీద రాసే పిన్‌కోడు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల పద్ధతిని రూపొందించినవారు శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఆయన తపాలా అధికారి, సంస్కృత కవి కూడా. మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. హిందూపురం 515201. చిత్తూరు 517001. బాగేపల్లి 561207. కోలారు 563101. బెంగళూరు 560001. అన్నీ అయిదుతోనే మొదలవుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడూ తపాలా లెక్కలో ఒకే ప్రాంతం. చెక్‌పోస్టు మనల్ని ఈ పక్క, ఆ పక్క అని విడదీసింది. పోస్టాఫీసు మాత్రం ఒకే అంకె కింద కూర్చోబెట్టింది. మరి రెండింటిలోనూ ఉన్నది ఒకే పోస్టు!

పొజిటుస్ వంశం ఇంతటితో ఆగలేదు. రకరకాల చెత్తను ఒక చోట కలిపి ఉంచితే అయ్యేది కంపోస్టు. బ్యాంకులో ఉంచేది డిపాజిట్టు. తరగతిలో, ఆటలో మనం నిలిచిన చోటు పొజిషన్. రైతు పెంటకుప్ప, బ్యాంకు డిపాజిట్టు దూరపు చుట్టాలంటే నవ్వు వస్తుంది గాని, అది నిజం. రెండింటిలోనూ ఇవాళ ఉంచితే రేపు ఫలం!

ఇక మూడవ పోస్టు. ఇది లాటిన్‌లో స్వతంత్రంగా ఉన్న చిన్న మాట. దీని అర్థం తరువాత. అంతే. ఇది ఒంటరిగా రాదు, మరో మాట ముందు చేరి వస్తుంది. మార్టెమ్ అంటే మరణం, కాబట్టి పోస్ట్‌మార్టం అంటే మరణం తరువాత చేసే పరీక్ష. పోస్ట్ గ్రాడ్యుయేట్ అంటే డిగ్రీ తరువాతి చదువు. పోస్ట్ డేటెడ్ చెక్కు అంటే రాసిన రోజు కాకుండా తరువాతి తేదీ వేసిన చెక్కు. ఉత్తరం చివర పి.ఎస్. అని రాస్తారు, అంటే పోస్ట్ స్క్రిప్టమ్, ఉత్తరం రాసిన తరువాత గుర్తొచ్చిన సంగతి. గడియారం చూసి మనం రోజూ చెప్పే పి.ఎం. అంటే పోస్ట్ మెరీడియెమ్, మధ్యాహ్నం తరువాత. సాయంత్రం ఆరింటికి పి.ఎం. అన్న ప్రతివారూ తెలియకుండానే ఒక లాటిన్ మాట పలుకుతున్నారన్నమాట. ఇంగ్లీషులో ప్రిపోస్టరస్ అని ఒక మాట ఉంది, అర్థంపర్థం లేనిది అని భావం. దాని లోపల ముందు, తరువాత అనే రెండు మాటలూ కలగలిసి ఉన్నాయి. ముందుది వెనక్కి, వెనకది ముందుకి వస్తే అది తలకిందుల వ్యవహారం కాక మరేమిటి!

రెండవ పోస్టు, మూడవ పోస్టు ఒకదానికొకటి ఎలా అడ్డు తగులుతాయో చూడండి. ఇవాళ ఫోనుకు పోస్ట్‌పెయిడ్ అంటే ముందు వాడుకోవడం, తరువాత డబ్బు కట్టడం. కాని తపాలా బిళ్లలు రాకమునుపు ఉత్తరాల మీద పోస్ట్ పెయిడ్ అని ముద్ర వేసేవారు. దాని అర్థం తపాలా రుసుము ముందే చెల్లించారని. రాసినవాడు కట్టకపోతే అందుకున్నవాడు కట్టాలి, అందుకే ఆ ముద్ర. మన దేశమంతటికీ ఒకే ధరతో తపాలా బిళ్లలు వచ్చింది 1854 అక్టోబరులో. చూశారా, అవే రెండు మాటలు. అప్పుడు ముందే కట్టాం అని అర్థం, ఇప్పుడు తరువాత కడతాం అని అర్థం.

ఇదంతా తమాషాగా ఉంటుంది. తరగతిలో చెబితే పిల్లలు నవ్వుతారు. కాని ఈ మాట నన్ను నవ్వించని రోజు ఒకటి ఉంది. అది చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను.

నేను పాఠం చెప్పే బడికి సరిహద్దు ఊళ్ల నుంచి బెంగళూరుకు కూలి పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలు చాలామంది వస్తారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు. బాగేపల్లి వైపు నుంచి వచ్చిన అలాంటి ఒక తల్లి, తన కూతురు పదో తరగతి మంచి మార్కులతో పాసైనప్పుడు నా దగ్గరకు వచ్చి నమస్కారం పెట్టింది. నేను సంతోషంగా "అమ్మా, పాపను పి.యు.సి.లో చేర్పించండి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, ఫీజుకు ఇబ్బంది ఉండదు" అన్నాను. ఆమె "సరే సార్" అని వెళ్లిపోయింది. నేను కూడా ఆ సంగతి అంతటితో మరచిపోయాను.

కొన్ని నెలల తరువాత బజారులో కనబడింది. "స్కాలర్‌షిప్ వచ్చిందా అమ్మా?" అని అడిగాను. ఆమె అంది: "ఇంగా రాలేదు సార్. పోస్టులో వస్తుందని మీరు చెప్తిరి కదా. పోస్టన్నను దినామూ అడగతానే ఉండా."

నా నోట మాట రాలేదు. పోస్ట్ మెట్రిక్ అంటే మెట్రిక్ తరువాత, అంటే పదో తరగతి తరువాతి చదువుకు ఇచ్చేది అని అర్థం. ఇది మూడవ పోస్టు. ఆమెకు తెలిసింది రెండవ పోస్టు, ఉత్తరాలు తెచ్చే పోస్టు. అర్జీ పెట్టుకోవాలని ఆమెకు అర్థం కాలేదు. అప్పటికి గడువు దాటిపోయింది. ఆ ఏడాది ఫీజుకు ఆమె చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. పాప చదువు ఆగలేదు, మరుసటి ఏడు దగ్గరుండి అర్జీ పెట్టించాను. కాని ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మాకు తెలీకపాయె సార్" అంది. తెలియక పోయింది ఆమెకు కాదు. ఆమెకు తెలిసిన అర్థం సరైనదే, నూటికి నూరు పాళ్లూ ఇంగ్లీషు నిఘంటువులో ఉన్నదే. ఆ మాటకు మరో అర్థం ఉందని తెలిసి కూడా విడమరచి చెప్పని తప్పు నాది.

విచిత్రం ఏమిటంటే కన్నడంలో ఈ పథకాన్ని మెట్రిక్ నంతరద విద్యార్థివేతన అని చక్కగా రాస్తారు. నంతర అంటే తరువాత. తెలుగులో అనంతరం అనే మాట మనకూ తెలుసు. ఆ రోజు ఆ కన్నడ పేరు చెప్పినా ఆమెకు సగం అర్థమయ్యేది. పదో తరగతి తరువాత చదువుకునే పిల్లలకు సర్కారు ఇచ్చే డబ్బు, దానికి మనమే అర్జీ పెట్టుకోవాలి అని చెప్పి ఉంటే పూర్తిగా అర్థమయ్యేది. రెండు భాషలు చేతిలో ఉండి, మూడో భాషలోని పొట్టి పేరు చెప్పి ఊరుకున్నాను.

అప్పటి నుంచి పిల్లలకు ఒక చిట్కా చెబుతున్నాను. మీరూ గుర్తుపెట్టుకోండి. పోస్టు అనే మాట తగిలినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నేలలో పాతిందా? అయితే కంబం. ఒక చోట ఉంచిందా, నిలిపిందా? అయితే ఉద్యోగమో, చెక్‌పోస్టో, ఉత్తరమో. మరో మాట ముందు చేరి, తరువాత అంటే సరిపోతుందా? అయితే మూడవ పోస్టు. ఈ మూడు గంపల్లో ఏదో ఒక దానిలో ఆ మాట పడుతుంది. పడకపోతే సిగ్గు పడకుండా ఎదుటివారిని అడగండి. ఆఫీసులో అయినా, బ్యాంకులో అయినా, ఆసుపత్రిలో అయినా "అంటే ఏమిటి సార్?" అని అడగటం తెలివితక్కువతనం కాదు. చెప్పేవారు కూడా, నాలాంటి టీచర్లతో సహా, పేరు చెప్పి ఊరుకోక పని చెప్పాలి.

తపాలా శాఖ ఎంతో మారింది. టెలిగ్రాములు 2013 జూలైలో ఆగిపోయాయి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. బెంగళూరు హలసూరు దగ్గర కేంబ్రిడ్జ్ లేఅవుట్‌లో యంత్రంతో పొరలు పొరలుగా ముద్రించి కట్టిన పోస్టాఫీసును 2023 ఆగస్టులో ప్రారంభించారు. ఇన్ని మారినా ఆ గుమ్మం మీద ఉన్న మాట మాత్రం గుర్రపు మజిలీల నాటిదే.

మాట కూడా ఒక టపా సంచి వంటిదే. ఒక రౌతు చేతి నుంచి మరో రౌతు చేతికి అందుతూ దూరం నుంచి వస్తుంది. మన చేతికి అందినప్పుడు అవతలివారికి భద్రంగా అందించడం మన వంతు. సంచి అందించామని చేతులు దులుపుకుంటే చాలదు, అందులోని ఉత్తరం అందవలసినవారికి అందిందో లేదో కూడా చూడాలి.